నులిపురుగుల మాత్రకు లొంగని పరాన్నజీవులు

పేగుల్లో పరాన్నజీవులు అనగానే మన ఆలోచన నులిపురుగుల దగ్గరే ఆగిపోతుంది. బడి పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు పంచే కార్యక్రమాలు అనేక దేశాల్లో సాగుతున్నాయి, వాటి ప్రయోజనాన్ని శంకించాల్సిన పనిలేదు. అయితే సూక్ష్మదర్శిని కింద తప్ప కనబడని ప్రోటోజోవా, అంటే ఏకకణ పరాన్నజీవులు, ఆ ఒక్క మోతాదుకు లొంగవు. వాటిలో ఒకటైన జియార్డియాపై ఆల్బెండజోల్ పనిచేస్తుంది గాని, దాన్ని వరుసగా అయిదు రోజులు ఇవ్వాలి. మరొకటైన క్రిప్టోస్పోరిడియం విషయంలో దానిపై ఆధారపడలేం. మాత్ర మింగిన బిడ్డ పేగులు శుభ్రమయ్యాయని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండటం సహజమే. వైద్య వ్యవస్థ కూడా అదే నిశ్చింతలో ఉండిపోవడమే అసలు చిక్కు.

జియార్డియా కొత్తగా వచ్చిన జీవి కాదు. 1681లో డచ్ సూక్ష్మదర్శిని నిపుణుడు లీవెన్‌హుక్ తన మలాన్ని తానే పరీక్షించుకుని వర్ణించిన సూక్ష్మజీవి ఇదేనని పరిశోధకులు భావిస్తారు. కలుషిత నీటిలోనో, చేతుల మీదుగానో పదికి మించని సిస్టులు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు) కడుపులోకి చేరినా ఇన్ఫెక్షన్ రావచ్చు. అక్కడ అది చిన్నపేగు గోడకు అతుక్కుని, కొవ్వులు, చక్కెరలు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. కడుపుబ్బరం, దుర్వాసనతో కూడిన జిడ్డు విరేచనాలు వారాల తరబడి ఉండవచ్చు, లేదా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఎనిమిది దేశాల్లో శిశువులను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన మాల్-ఎడ్ అధ్యయనం ఈ రెండో స్థితినే ముందుకు తెచ్చింది. పసితనంలో జియార్డియా పదేపదే కనిపించిన పిల్లలు, విరేచనాలు లేకపోయినా, రెండేళ్లు వచ్చేసరికి ఎత్తులో వెనకబడ్డారు. పేదరికం, పోషకాహార లోపం ఇందులో ఎంతగానో కలిసిపోయి ఉంటాయి కనుక జియార్డియా ఒక్కటే కారణమని తేల్చి చెప్పలేం. అయినా విరేచనాలను మాత్రమే లెక్కపెట్టే ఆరోగ్య గణాంకాలు ఈ నష్టాన్ని నమోదు చేయలేవన్నది స్పష్టం.

క్రిప్టోస్పోరిడియం కథ వేరు. మనుషుల్లో దాన్ని మొదటిసారి గుర్తించినది 1976లో మాత్రమే. ఎయిడ్స్ రోగుల్లో ఆగని విరేచనాలకు అది కారణమవుతుందని తెలిశాక వైద్యలోకం దాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టింది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన కుళాయి నీటి ద్వారానే అది వ్యాపించి, దాదాపు 4 లక్షల మందిని మంచాన పడేసింది. సిస్టుల్లాగే గట్టి పొర ఉన్న దాని ఊసిస్టులు నాలుగైదు మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మించవు, తాగునీటిలో కలిపే క్లోరిన్‌ను అవి సులువుగా తట్టుకుంటాయి. చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రావణానికీ అవి చావవు. సబ్బుతో కడుక్కోవడం, నీటిని మరగబెట్టడం, సూక్ష్మరంధ్రాల వడపోత, ఇవే దారులు. అంతటి సంఘటన తర్వాత కూడా దీన్ని రోగనిరోధక శక్తి తగ్గినవారి జబ్బుగానే చాలామంది చూశారు. ఆఫ్రికా, ఆసియాల్లోని ఏడు కేంద్రాల్లో జరిగి 2013లో వెలువడిన జెమ్స్ అధ్యయనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలకు ప్రధాన కారణాలైన నాలుగు సూక్ష్మజీవుల్లో ఇదొకటని, వాటిలో ముందున్నది రోటావైరస్ అని అందులో తేలింది. రోటావైరస్‌కు టీకా ఉంది, దీనికి లేదు.

పెద్దల దగ్గరికి వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. పిల్లల్లో ఉన్న జబ్బును చూడకపోవడం సమస్య అయితే, పెద్దల్లో తరచూ లేని జబ్బుకు మందు వేయడం సమస్య. మలపరీక్షలో అమీబా సిస్టు కనిపించిందనగానే మెట్రోనిడజోల్ రాసేయడం పరిపాటి. అయితే హాని చేసే ఎంటమీబా హిస్టోలిటికానూ, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్‌నూ మామూలు సూక్ష్మదర్శిని వేరుచేసి చూపలేదు. ఇవి రెండు వేర్వేరు జాతులని ఫ్రెంచ్ పరాన్నజీవి శాస్త్రవేత్త బ్రంప్ట్ 1925లోనే అన్నా, శాస్త్రలోకం దాన్ని పూర్తిగా అంగీకరించడానికి 1993 దాకా పట్టింది. డిస్పార్ ఒక్కటే ఉంటే చికిత్స అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1997లో స్పష్టం చేశారు. ఆ మాట ప్రయోగశాల నివేదికల్లోకి ఇంకా సరిగా దిగలేదు. విచిత్రమేమిటంటే, నిజంగా హిస్టోలిటికా ఉన్నవారికి మెట్రోనిడజోల్ ఒక్కటే చాలదు. పేగులో మిగిలిన సిస్టులను తొలగించడానికి పారోమోమైసిన్ లేదా డైలోక్సనైడ్ వంటి రెండో మందు వాడాలి. ఆ రెండో మెట్టు ఎక్కకపోతే జబ్బు తిరగబెట్టవచ్చు, ఇతరులకూ అంటవచ్చు. ఈ అమీబా కాలేయానికి చేరి చీముగడ్డ కట్టిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ బాధితుల్లో అత్యధికులు వయోజన పురుషులే, వారిలో చాలామందికి అప్పటికి విరేచనాలే ఉండవు.

కనుక మందుల కన్నా ముందు మారవలసినది పరీక్ష. సిస్టులు మలంలో రోజూ పడవు, అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడాలంటారు, ఆచరణలో ఒకటి చూస్తే గొప్ప. పరాన్నజీవి ప్రోటీన్లను పట్టే యాంటిజెన్ పరీక్షలు, దాని డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షలు ఈ లోటును చాలావరకు తీర్చగలవు. నులిపురుగుల సర్వేల కోసం ఎలాగూ మలం నమూనాలు సేకరిస్తున్నప్పుడు, వాటిలో కొన్నింటినైనా ప్రోటోజోవా కోసం పరీక్షించడం అసాధ్యమైన కోరిక కాదు.

పరీక్ష మెరుగైనా క్రిప్టోస్పోరిడియం దగ్గర మందే కొరత. అమెరికాలో దాని చికిత్సకు అనుమతి పొందిన ఏకైక మందు నిటజోక్సనైడ్. 2002లో పిల్లలకు ఇచ్చిన ఆ అనుమతి ఏడాది నిండినవారితో మొదలవుతుంది, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అది పనిచేస్తుందని రుజువు కాలేదు. జెమ్స్ లెక్కల్లో ఈ పరాన్నజీవి భారం ఎక్కువగా మోసింది మాత్రం ఏడాది నిండని శిశువులే.