ఉరి తీయాలంటాం, సాక్ష్యానికి మాత్రం రాము

మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజు మా చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండా దండాలు, చప్పట్లే. నేనేమీ పెట్టలేదని మా బావ ఫోన్ చేసి మరీ అడిగాడు, "నీకు సంతోషంగా లేదా?" అని.

శిక్ష పడినందుకు సంతోషమే. గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆసుపత్రి బయట ఒక మనిషిని నరికిన కేసు అది. నా పేచీ ఉరితాడుతోనే.

మా చిన్నాయనను గెట్టు తగాదాలో చంపారు. పట్టపగలు, బోరు మోటారు దగ్గర. పక్క చేనులో మందు కొడుతున్న ఆయన అంతా చూశాడు. శవాన్ని ట్రాక్టరులోకి ఎక్కించిన ముగ్గురిలో ఆయనొకడు, మా పిన్నికి మంచినీళ్లు తాగించిందీ ఆయనే. నాలుగేళ్లకు కేసు విచారణకు వస్తే బోనెక్కి, "ఆ రోజు నేను ఊళ్లో లేనండి" అన్నాడు. కేసు కొట్టేశారు. చంపినవాళ్లు ఇప్పటికీ మా ముందు నుంచే బండి మీద వెళ్తుంటారు. తీర్పు రోజు గ్రూపులో "ఉరే సరైన శిక్ష" అని మొదట రాసింది ఎవరనుకున్నారు? ఆయనే. మాకు దూరపు చుట్టం కూడా.

నేనేమీ తక్కువ తినలేదు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు ఎన్‌కౌంటర్ చేసినప్పుడు నేను జడ్చర్లలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు, ఇక్కడ టీ కొట్టు దగ్గర పంచిన మైసూర్‌పాక్ నేనూ తిన్నాను. చనిపోయిన నలుగురూ మన పాలమూరు పిల్లలే. వాళ్లలో ముగ్గురు మైనర్లని, పోలీసులు చంపాలనే కాల్చారని దాని మీద విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పినట్టు 2022లో పేపర్లో చదివాను. నేరం ఎవరు చేశారో ఇక ఏ కోర్టూ తేల్చదు.

కోర్టులు తేలిస్తే మాత్రం? మహారాష్ట్రలో ఒక హత్యల కేసులో 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికి ఉరి ఖాయం చేసింది. 2019లో అదే కోర్టు వాళ్లు నిర్దోషులని వదిలేసి, తలా 5 లక్షలు ఇవ్వమంది. ఈలోగా తాడు బిగించి ఉంటే ఆ 5 లక్షలు ఎవరి చేతిలో పెట్టేవారు?

"అయితే వదిలేయమంటావా?" అన్నాడు బావ. చచ్చేదాకా జైల్లో ఉంచమంటాను. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం కేసులకు తప్ప ఉరి వద్దని లా కమిషన్ 2015లోనే చెప్పింది. నన్నడిగితే ఆ మినహాయింపు కూడా అక్కర్లేదు. ముందు సాక్షి భయపడకుండా బోనెక్కి దిగే ఏర్పాటు చేయండి. మా చిన్నాయన కేసులో ఉరి దాకా ఎందుకు, ఒక్క రోజు జైలు శిక్షయినా పడలేదు.

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ సాక్షి కూతురి పెళ్లి వచ్చే నెలలోనే, వస్తున్నావా?" అన్నాడు.