ప్లాస్టిక్‌కూ గోత్రముంది

మా కర్నూలులో పెళ్లి సంబంధం అనగానే గోత్రం, నక్షత్రం, జీతం, ఈమధ్య సిబిల్ స్కోరు కూడా అడుగుతున్నారు. పదేళ్లుగా మనింట్లోనే కాపురం చేస్తున్న ప్లాస్టిక్ డబ్బాను మాత్రం ఒక్కసారైనా బోర్లించి చూడం. అడుగున బాణాల త్రిభుజం, అందులో అది ఏ రకం ప్లాస్టికో చెప్పే 1 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటాయి. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు రీసైక్లింగ్ కోసం మొదలుపెట్టిన ఆచారమది. నేను దాన్నే గోత్రం అంటాను.

మొన్న ఊరికి బయల్దేరుతుంటే మా జేజి పొయ్యి మీది చారును అలాగే కూల్‌డ్రింక్ సీసాలోకి వంచింది. సీసా నడుము సన్నబడింది, మెడ ఎడమకు వాలింది, అడుగు పొంగి నిలబడటం మానేసింది. "ఏం గాదులేరా, చారు కారలేదు గదా" అంది జేజి. ఆమె ప్రమాణాలు అంతే. సీసాది 1వ గోత్రం, పెట్. 70, 75 డిగ్రీలకే మెత్తబడుతుంది. వేలెడు గొట్టాన్ని వేడిచేసి, సాగదీసి, గాలి ఊది సీసా చేస్తారు కాబట్టి, మళ్లీ సెగ తగిలితే పాత రూపం వైపు ముడుచుకుంటుంది. పుట్టిన ఊరిని ఇంతగా గుర్తుపెట్టుకునే ప్రజాప్రతినిధిని నేనింకా చూడలేదు.

ఇక మిద్దె మీది బకెట్ చెవి విరిగితే మేమంతా ఎండను తిడతాం. న్యాయం మాట్లాడుకుందాం. మాకెంత ఎండ కాసినా 50 డిగ్రీలు దాటదు. ఆ బకెట్‌ది 5వ గోత్రం, పాలీప్రొపిలీన్. అది కరగాలంటే 160 దాకా పోవాలి. అసలు నేరస్థులు అతినీలలోహిత కిరణాలు. దాని అణువుల గొలుసులను ఏళ్ల తరబడి, చప్పుడు చేయకుండా తెంచుతాయి. వేలితో రాస్తే సున్నంలా తెల్లపొడి అంటుకుందంటే, నీళ్లతో ఎత్తకండి.

మా పాప గోళ్లరంగు తుడిచే దూదితో టీవీ రిమోట్ మురికి వదిలించబోయింది. అందులోని అసిటోన్‌కు రిమోట్ పైతొడుగు, అంటే ఏబీఎస్ ప్లాస్టిక్, కరిగి జిగురైంది. వాల్యూమ్ బటన్ పక్కన ఇప్పుడు బొటనవేలి ముద్ర ఉంది, ఆధార్ సెంటర్లో కూడా అంత స్పష్టంగా పడలేదు. అదే అసిటోన్ 2వ గోత్రపు, అంటే హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌తో చేసిన, ఫినాయిల్ డబ్బా మీద ఒలికితే చెక్కుచెదరలేదు. బాత్రూమ్ యాసిడ్‌నే కడుపులో దాచుకునే జాతి. ఉమ్మడి కుటుంబానికి పెద్దకోడలిగా పంపదగ్గ ప్లాస్టిక్ అదొక్కటే.

పోయిన చవితికి మా వీధి కుర్రాళ్లు థర్మోకోల్‌తో కొండారెడ్డి బురుజు కట్టారు. గోత్రం 6, పాలీస్టైరీన్. రాతిరంగు రావాలని స్ప్రే పెయింట్ కొట్టారు. పెయింట్‌లోని ద్రావకం తగలగానే గోడలకు గుంతలు పడ్డాయి, పై అంతస్తు కింది అంతస్తులోకి దిగింది. శతాబ్దాల వానలకు నిలబడ్డ బురుజు పది నిమిషాల్లో, వినాయకుడి కళ్లముందే నేలమట్టం. కమిటీ చందాల లెక్కలో అది "అలంకరణ" కిందే ఉంది.

జేజి ఆ వంకర సీసాను పారేయలేదు. ఆవాలు పోసి పెట్టుకుంది. మెడ వాలిపోవడంతో ఒక్కొక్కటే రాలుతున్నాయట, తిరగమాతలో ఖర్చు తగ్గిందట.