టరాంటులా అనే పేరు అసలు ఈ తోడేలు సాలీడుదే

టరాంటులా సాలీడు గురించి వచ్చిన ఒక వ్యాసం చదివాను. అమెరికాలోని పెద్ద బొచ్చు సాలీళ్లకే ఆ పేరు అన్నట్టు అందులో రాశారు. చిన్న సవరణ. ఆ పేరు మొదట ఇటలీ దక్షిణాన టరాంటో ఊరి చుట్టుపక్కల కనిపించే ఒక తోడేలు సాలీడు (వుల్ఫ్ స్పైడర్)ది. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ దీన్ని శాస్త్రీయంగా నమోదు చేశాడు. బొచ్చు సాలీళ్లకు ఆ పేరు తర్వాత అంటుకుంది. అవి వేరే కుటుంబం.

ఇది కుట్టిందంటే ఆగకుండా నాట్యం చేస్తే తప్ప విషం దిగదని ఆ ప్రాంతంలో వందల ఏళ్లు నమ్మారు. పాపం, దీని కాటు మనిషికి పెద్ద ప్రమాదమేమీ కాదు. అనవసరంగా నింద మోసింది!

వేట కోసం ఇది గూడు అల్లదు. నేలలో నిలువుగా బొరియ తవ్వి, లోపల పట్టుదారంతో పూత పూస్తుంది. అంచున పుల్లలూ ఆకుల ముక్కలూ పేర్చి చిన్న గోడ కడుతుంది. ఆ గుమ్మం దగ్గరే కాచుకుని, దగ్గరికొచ్చిన పురుగు మీదికి దూకుతుంది. ఎనిమిది కళ్లలో రెండు బాగా పెద్దవి. రాత్రి టార్చి వేస్తే మెరుస్తాయి.

నాకు మాత్రం తల్లి సంగతే ఆశ్చర్యం. గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది, పగలు బొరియ నోటి దగ్గర దాన్ని ఎండకు పట్టి ఉంచుతుంది. పిల్లలు బయటికొచ్చాక గుంపుగా వీపెక్కేస్తాయి. వ్యాసంలో ఈ ముక్క ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు, అదే కాస్త వెలితి.