కరెంటు పోతే మెలకువ ఎందుకొస్తుంది?

మే నెల అర్ధరాత్రి బెజవాడలో కరెంటు పోతే ఎవరూ మనల్ని లేపక్కర్లేదు. ఒంటికి చెమట పట్టకముందే, ఫ్యాన్ చప్పుడు ఆగగానే కళ్లు తెరుచుకుంటాయి. అదే మనిషి, కిటికీ పక్కనుంచి లారీ హారన్ మోత మోగించుకుంటూ పోయినా గురక ఆపడు.

డీఎస్సీకి చదివినవాళ్లంతా పావ్‌లోవ్ కుక్క కథ బట్టీ పట్టే ఉంటారు. గంట కొట్టి ఆహారం పెట్టగా పెట్టగా, చివరికి గంట సంకేతానికే కుక్కకు లాలాజలం ఊరడం. మార్కు వచ్చేస్తుంది, అక్కడితో సరి. గంట ఎంత గట్టిగా మోగాలని మాత్రం ఎవరూ అడగరు. సంకేతం బలంగా ఉంటే ప్రతిస్పందన కూడా బలంగా ఉంటుందని పావ్‌లోవే గమనించాడు. 1949లో మనస్తత్వవేత్త క్లార్క్ హల్ దాన్ని తన సిద్ధాంతంలో చేర్చాడు. వినడానికి సబబుగానే ఉంది. మరి చప్పుడు ఆగిపోవడమే సంకేతమైన ఫ్యాన్ సంగతి?

1965లో మనస్తత్వవేత్త లియోన్ కామిన్ ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడే పనికొస్తాయి. ఎలుకలను 80 డెసిబెల్స్ రొదలో ఉంచి, ఆ రొదను తగ్గించడాన్నే సంకేతంగా పెట్టాడు. దాని వెనకే కరెంటు షాక్. రొద ఎంత ఎక్కువ తగ్గితే ఎలుకలు అంత బాగా భయం నేర్చుకున్నాయి. చప్పుడు పెరిగినా తగ్గినా, అప్పటిదాకా ఉన్నదానికి ఎంత తేడా వచ్చిందన్నదే వాటికి లెక్క.

ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి. ఒకడు పెద్ద హారన్ బిగిస్తాడు, పక్కవాడు అంతకన్నా పెద్దది. అందరూ పెంచేసరికి మొత్తం రొదే పెరుగుతుంది, తేడా మిగలదు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నియమాలు చెబుతాయి. నా దృష్టిలో అది రోగుల నిద్ర కోసమే కాదు, అక్కడ నిజంగా అవసరమై కొట్టిన హారన్ వినపడటానికి కూడా. ఎలుకల పెట్టె వేరు, బందరు రోడ్డు వేరు, ఒప్పుకుంటాను.

ఇంకో సంగతుంది. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అనే మనస్తత్వవేత్తలు ఇచ్చిన నమూనా ప్రకారం సంకేతం బలం నేర్చుకునే వేగాన్ని పెంచుతుంది. ఎంతవరకు నేర్చుకుంటామన్న హద్దును మాత్రం వెనకాల వచ్చేది నిర్ణయిస్తుంది. మన హారన్ వెనక ఏమీ రాదు.

మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. కరెంటు పోతే ఫ్యాన్ ఆగదు గానీ, గుయ్‌మని వేరే చప్పుడు చేస్తుంది. మొదట్లో దానికీ టక్కున లేచేవాణ్ని. తర్వాత చెమట పట్టడం లేదు కదా, ఈ వేసవిలో ఒక్కసారీ లేవలేదు.