బ్యాంకు లాకర్‌లో సాలెపురుగు

1980లో అర్జెంటీనా శాస్త్రవేత్త మారియో హ్యూనికెన్ ఒక శిలాజానికి మెగారాక్నె అని పేరు పెట్టాడు. వయసు దాదాపు 30 కోట్ల ఏళ్లు. ఒళ్లే అడుగు దాటింది, కాళ్లు చాపితే అర మీటరు ఉంటుందని లెక్కవేశారు. భూమ్మీద పుట్టిన సాలెపురుగుల్లోకెల్లా పెద్దదని పుస్తకాలకెక్కింది. మ్యూజియంలలో బొమ్మలు చేసి నిలబెట్టారు. అసలు రాయి మాత్రం ఒక బ్యాంకు లాకర్‌లోకి వెళ్లిపోయింది. చూడాలనుకున్నవాళ్లకు ప్లాస్టర్ అచ్చులే దిక్కు.

అనుమానపడినవాళ్లు లేకపోలేదు. కానీ అచ్చు చూసి ఏం తేలుస్తారు? రెండో నమూనా దొరికాక, 2005లో శిలాజ శాస్త్రవేత్త పాల్ సెల్డెన్ బృందం అది అసలు సాలెపురుగే కాదని తేల్చింది. నీళ్లలో బతికిన యూరిప్టెరిడ్ అది, మామూలు మాటల్లో సముద్రపు తేలు అంటారు. ఆ పరిశోధన పత్రం రాసినవాళ్లలో హ్యూనికెన్ కూడా ఉన్నాడు, అది మెచ్చుకోవాలి. అప్పటికే ఒక టీవీ సిరీస్ వాళ్లు ఆ సాలెపురుగుతో సీన్లు తయారు చేసుకున్నారు. మార్చే టైం లేక ఇంకో జాతి సాలెపురుగని చెప్పి నడిపించేశారు.

ఇందులో తప్పు జరగడం వింత కాదు. శిలాజాల్లో సగం ఒళ్లు దొరకదు, దొరికింది నలిగి ఉంటుంది. ఆ తప్పు పాతికేళ్లు ఎందుకు నిలిచిందన్నదే నా ప్రశ్న. నలుగురూ తీసి చూసే చోట ఆ రాయి లేకపోవడమే ప్రధాన కారణమని నాకనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లం పట్టించుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది.

మన రాళ్ల విషయం ముందు తేల్చుకుందాం. టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లోనో, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల్లోనో సాలెపురుగు శిలాజం దొరికిందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. తూర్పు కనుమల్లో మనవైపు ఉన్నవి ఎక్కువగా ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. ఖోండలైట్ ఒకప్పుడు బురద, ఇసుక. భూమి లోతుకు దిగి, విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట ఇప్పుడున్న రూపానికి వచ్చింది. కీళ్ల కాళ్ల జీవులు, అంటే పీతలు, తేళ్లు, జెర్రులు, సాలెపురుగుల వంశం, శిలాజాల్లో స్పష్టంగా కనిపించేది సుమారు 52 కోట్ల ఏళ్ల నుంచే. మన రాయి ఉడికి చల్లారే నాటికి ఆ వంశం జాడే లేదు. ఒకవేళ ఉన్నా ఆ వేడికి ఏదీ మిగిలేది కాదు.

మరి రాతి పగుళ్లలో ఫెర్న్ ఆకులా, ఒక్కోసారి పురుగు కాళ్లలా కనిపించే నల్లటి గీతల మాటేమిటి? వాటిని డెండ్రైట్లు అంటారు. మాంగనీసు కలిసిన నీరు సన్నటి పగుళ్లలోకి పాకి, ఆరిపోతూ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. 1892లోనే మాంగనీసు తవ్వకం మొదలైన ప్రాంతం మనది. ఇలాంటి గీతలు కనిపిస్తే ఆశ్చర్యపోవాల్సింది లేదు. ఫోన్‌లో ఫొటో తీసి ‘కోట్ల ఏళ్ల నాటి జీవి’ అని గ్రూపుల్లో పెట్టేయడం తేలిక. రాయి ఎక్కడిది, ఏ పొర లోనిది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని అడిగితే జవాబుండదు. అలాంటి ఫొటో ఎవరికీ పనికిరాదు.

మోసాలకు పండిత పత్రికలు కూడా పడతాయి. చైనాలోని లియావోనింగ్ ప్రాంతం శిలాజాలకు ప్రసిద్ధి. అక్కడ తవ్వుకునేవాళ్లు ఒక ‘సాలెపురుగు’ను మ్యూజియంకి అమ్మారు. 2019లో దానికి మంగోలరాక్నె చావోయాంగెన్సిస్ అని పేరు కూడా పెట్టేశారు. కొందరికి తేడా కొట్టింది. కాళ్లలో కణుపులు ఎక్కువ, ఒంట్లో తక్కువ, కళ్లు మరీ పెద్దవి. మళ్లీ సెల్డెన్ బృందమే ఆ రాయిని ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. అసలు రాయి ఒక రంగులో, అతికించిన సిమెంటు ఒక రంగులో, పూసిన పెయింట్ ఇంకో రంగులో మెరిశాయి. అది సరిగా నిలవని క్రేఫిష్, అంటే రొయ్యలాంటి మంచినీటి జీవి. కాళ్లు చాలావరకు బ్రష్‌తో గీసినవి. ఆ ఏడాదే గుట్టు రట్టయింది. అర్జెంటీనా రాయికి పాతికేళ్లు పట్టింది, దీనికి నెలలు సరిపోయాయి. ఇది మ్యూజియంలో ఉంది, అడిగినవాళ్లకు అందింది.

నమూనా ఉంటే నిజం పెద్దదవడమూ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవా దగ్గర దొరికిన అట్టెర్‌కోపస్‌ను ఒకప్పుడు అతి పురాతన సాలెపురుగు అనుకున్నారు. వయసు 38 కోట్ల ఏళ్ల పైనే. అవే తునకలను మళ్లీ పరీక్షిస్తే పట్టుదారం వదిలే సన్నటి గొట్టాలున్నాయి గానీ, సాలెపురుగులకుండే దారపు తిత్తులు లేవని 2008లో తేలింది. సాలెపురుగు కంటే ముందే దారం పుట్టిందన్నమాట. తర్వాత 2018లో మయన్మార్ అంబర్‌లో, అంటే రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు బంకలో, కిమెరరాక్నె బయటపడింది. పదికోట్ల ఏళ్ల నాటి ఆ జీవికి దారపు తిత్తులున్నాయి, పొడుగాటి తోక కూడా ఉంది. సాలెపురుగులు తోక ఎప్పుడు వదులుకున్నాయన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఆ అంబర్ గనులు 2017లో సైన్యం చేతిలోకి వెళ్లాయి. రక్తం అంటిన సరుకు కొనకూడదని 2020లో శిలాజ శాస్త్రవేత్తల సంఘమొకటి పత్రికలను కోరింది. నా ఓటు వాళ్లకే.

అంబర్ కోసం మయన్మార్ దాకా పోనక్కర్లేదు. గుజరాత్‌లోని వస్తాన్, తడ్కేశ్వర్ లిగ్నైట్ గనుల్లో 5 కోట్ల ఏళ్ల పైబడిన అంబర్ దొరికింది. 150 కిలోలకు పైగా సేకరించి పరిశీలిస్తే 700కు పైగా కీళ్ల కాళ్ల జీవులు బయటపడ్డాయని 2010లో పరిశోధన పత్రం వచ్చింది. ఆ బంక కార్చిన చెట్లు డిప్టరోకార్ప్ కుటుంబానివి. మన ఇళ్లలో ధూపం వేసే గుగ్గిలం ఇచ్చే సాల చెట్టుదీ అదే కుటుంబం. ఇంకా దగ్గరికొస్తే రాజమండ్రి దగ్గర కాటేరులో లావా పొరల నడుమ ఆస్ట్రకాడ్లు దొరికాయి. అవి కంటికి ఆనీ ఆనని పెంకు జీవులు, పీతలకు దాయాదులు.

స్కాట్లాండ్‌లో ఒక బస్సు డ్రైవర్ కథ నాకు చాలా ఇష్టం. మైక్ న్యూమన్‌కు శిలాజాలు వెతకడం సరదా. స్టోన్‌హేవెన్ తీరంలో సెంటీమీటరు పొడవున్న ఒక తునక ఆయనకు దొరికింది. అది 40 కోట్ల ఏళ్లకు పైబడిన రోకలిబండ పురుగు శిలాజం. ఒంటి పక్కన గాలి పీల్చే రంధ్రాలు కనిపించాయి. నేల మీద గాలి పీల్చిన జంతువులకు దొరికిన అతి పాత ఆధారాల్లో అదొకటి. 2004లో దానికి న్యూమోడెస్మస్ న్యూమని అని ఆయన పేరే పెట్టారు. ఆ తునక స్కాట్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.

మన దగ్గర ఓ ఆర్టీసీ డ్రైవరుకో, క్వారీ కూలీకో, ఉద్దానం కొబ్బరి రైతుకో అలాంటి ఆసక్తి ఉంటే తెచ్చినది ఎవరికిస్తారు? ఈ రెండు జిల్లాల్లో శిలాజం దొరకదని నేనే అన్నాను. కానీ బతికున్న కీళ్ల కాళ్ల జీవులకు ఏం తక్కువ? ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే పొలాల్లో పాకే ఎర్ర ఆరుద్ర పురుగు కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిదుంటాయి. అది మైట్ అనే రకం నల్లి (మంచాల్లో చేరే నల్లి కాదు), సాలెపురుగు బంధువు. దాని వంశంలోని పాతకాపులు స్కాట్లాండ్‌లోనే రైనీ అనే ఊరి రాళ్లలో, 40 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో ఉన్నారు. కొబ్బరి కాయల తొడిమ కింద చేరి కాయను పాడుచేసే ఇరియోఫిడ్ నల్లిదీ అదే వంశం. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మన మొక్కజొన్నను ఎంత తిన్నదో రైతులకు తెలుసు. ఏ పురుగు ఏ మండలంలో ఏ ఏడాది కనిపించిందో రేపు ఎవరైనా అడిగితే, తేదీ, ఊరు రాసిపెట్టిన నమూనా ఉండాలి. పేపర్ కటింగ్ చాలదు.

కిడ్నీ జబ్బులతో, వలసలతో సతమతమయ్యే చోట పురుగులకు అల్మరాలు కావాలా అని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. అయితే నేను కోరేది కోట్ల భవనం కాదు. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం మహారాజా కళాశాలలోనో ఒక గది. గాజు సీసాలు, ఆల్కహాల్, చెదపట్టని బీరువాలు, ఒక రిజిస్టరు. తెచ్చినవాళ్ల పేరు రాసుకుని రసీదు ఇచ్చే మనిషి ఒకరు. బడి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి థర్మకోల్ అగ్నిపర్వతం చేసే బదులు తమ ఊరి సాలెపురుగులను సేకరించి అక్కడికి తేవచ్చు. మనవైపు రాతి రకాలు, డెండ్రైట్లు కూడా ఒక అరలో పెడితే, క్వారీలో ఏదో దొరికిందన్న పుకారు లేచినప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

అలాంటి గది వచ్చేలోగా చేయగలిగినది కొంత ఉంది. రాతిలో వింతగా ఏదైనా కనిపిస్తే కడగొద్దు, గీకొద్దు, మెరుపు కోసం నూనె రాయొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఊరు, క్వారీ, తేదీ కాగితం మీద రాసి రాయితోపాటు మూట కట్టండి. తర్వాత ఆ మూట పట్టుకుని ఇప్పటికైతే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగానికి వెళ్లాలి. ఇచ్ఛాపురం నుంచైతే రైల్లో ఒక పూట ప్రయాణం.