గెలుపు లెక్క ఎవరిది?

గెలవలేని అభ్యర్థికి వేసే ఓటు మురిగిపోతుందని, సిద్ధాంతం కంటే గెలుపు అవకాశాన్నే చూడాలని నేను చదివిన ఒక వ్యాసంలో దాని రచయిత రాశారు. ఎక్కువ ఓట్లు వచ్చినవారే నెగ్గే మన పద్ధతిలో ఓట్లు చీలి అందరికంటే అధ్వానమైనవాడు గట్టెక్కుతాడన్న భయం నిజమే. పోటీ హోరాహోరీగా ఉన్నచోట నేనూ ఉన్నవారిలో మెరుగైనవారికే వేస్తాను. కానీ ఎవరు గెలవగలరో తేల్చే కొలత ఏమిటి? మా శ్రీకాకుళం జిల్లాలో టికెట్ల మాట వచ్చినప్పుడు రచ్చబండ దగ్గర ముందు వినిపించేది ఎంత ఖర్చు పెట్టగలడు, ఏ కులం వాడు అన్న ప్రశ్నలే. ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బుల గురించి, వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల గురించి ఆ అభ్యర్థి ఏమన్నాడో అడిగేవారు తక్కువ.

మా జిల్లాలోనే సోంపేట దగ్గరి బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారులు గెలుపోటములు లెక్క వేసుకుని ఉద్యమంలోకి దిగలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. అటువంటి పట్టుదల ఉన్న మనిషి పోటీకి నిలబడితే, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి డిపాజిట్ దక్కించుకున్నా చాలు, ఆయన లేవనెత్తిన సమస్యను పెద్ద పార్టీలు తరువాతి ఎన్నికల్లో పక్కన పెట్టలేవని నా గట్టి నమ్మకం. ఆ ఓట్లను మురిగిపోయినవిగా లెక్కగట్టడం అన్యాయం.