కొనకపోతే పాపమా?

మూడు వారాల్లో ఆరుగురు పంపారు నాకు ఆ మెసేజ్. "తక్కువతో సరిపెట్టుకోవడం పిసినారితనం. పాత వస్తువు ఇంటికి దరిద్రం. జీతం చూసి ఆగొద్దు, వడ్డీ లేని ఈఎంఐ ఉంది. మనం కొనకపోతే పనివాళ్ల పొట్ట కొట్టినట్టే." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఇంకా బాధ.

పిసినారితనమా? నాకు నాలుగు జతల బట్టలున్నాయి, ఎవరికీ బాకీ లేను, పడుకోగానే నిద్రపడుతుంది. పిసినారికి ఆ నిద్ర ఉండదు. ఇక పాతది దరిద్రమట. మా అవ్వ చీరలతో కుట్టిన బొంత మీదే ఇప్పటికీ మా పిల్లలు పడుకుంటారు. దర్శనానికి కొత్త బట్టలే కట్టుకోవాలన్న ముక్క కూడా ఉంది అందులో. తిరుమల కొండకి ఉతికిన పంచె చాలు.

ఈఎంఐ మాట దగ్గరే ఒళ్లు మండింది. వడ్డీ లేకుండా అప్పు ఎవరిస్తారు? సున్నా వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజులో దాచి మన దగ్గరే వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. రొక్కం ఇచ్చేవాడికి దొరికే తగ్గింపు కంతుల్లో కొనేవాడికి చాలాసార్లు దొరకదు. అదీ వడ్డీయే. తిరుపతి బైరాగిపట్టెడలో మా పక్కింటి కుర్రాడికి ఫోనుకి, టీవీకి, బైకుకి మూడు కంతులు. "ఐదో తారీకు వస్తుందంటే గుండె దడన్నా" అన్నాడు మొన్న. పాపకు జ్వరమొస్తే మందులకు నా దగ్గర ఐదొందలు తీసుకున్నాడు. గోడకేమో అంత పెద్ద టీవీ. ఇలాంటివాడికా మీరు "జీతం చూసి ఆగొద్దు" అని పంపేది? వాడి కంతులు మీరు కడతారా?

పనివాళ్ల పొట్ట అంటారా, గాంధీ రోడ్డు పక్క సందులో మిక్సీలు బాగుచేసే ఆయన పనివాడు కాదా? పోయిన నెల మా మిక్సీకి కార్బన్ బ్రష్‌లు మార్చి 120 రూపాయలు తీసుకున్నాడు. కొత్తది కొనుంటే ఆయన పొట్ట కొట్టినట్టు కాదా? పైగా త్వరగా పాడయ్యే వస్తువులన్నీ వాటంతటవే పాడవవు, కొన్నిటిని తయారుచేసేవాళ్లే అలా చేస్తారు. 1924లో పెద్ద బల్బుల కంపెనీలు కూడబలుక్కుని, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి పెట్టుకున్నాయి. మీరినవాళ్లకి జరిమానా కూడా.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. "అమ్మ చేత బట్టలు ఉతికిస్తూ మేం సింపుల్‌గా బతుకుతున్నాం అనొద్దు" అని ఆ మెసేజ్ చివర్లో ఉంది. అది నాకే తగిలింది. వాషింగ్ మెషిన్ అనవసరమని ఏళ్ల తరబడి వాదించింది నేను, బండ మీద ఉతికింది మా అమ్మ. 2014లో కొన్నాం. రెండుసార్లు బెల్టు మార్చాం, ఇంకా తిరుగుతోంది.